సీసీ కెమెరా ఉన్నా దొంగ మొహం కనిపించట్లేదా? తేడా కెమెరాలో కాదు.. స్ట్రీమ్ సెట్టింగ్‌లో!

కెమెరా ఖరీదైనదే. ఫోన్‌లో లైవ్ కూడా బాగానే వస్తోంది. తీరా ఇంట్లో చోరీ జరిగాక రికార్డింగ్ తీసి చూస్తే మనిషి ఉన్నాడు కానీ మొహం మాత్రం మసక మసక. ఇలాంటప్పుడు చాలామంది కెమెరాను తిట్టుకుంటారు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఏ స్ట్రీమ్ ఇచ్చారన్నది మాత్రం చూడరు.

ఇప్పుడొస్తున్న ఐపీ కెమెరాల్లో చాలావరకు ఒకేసారి రెండు వీడియోలు పంపుతాయి. పూర్తి క్లారిటీతో వచ్చేది మెయిన్ స్ట్రీమ్. 640×480 లాంటి చిన్న సైజులో వచ్చేది సబ్ స్ట్రీమ్. ఫోన్ స్క్రీన్ మీద చూడ్డానికి సబ్ చాలు. రికార్డింగ్‌కూ అదే ఇస్తేనే చిక్కు. జూమ్ చేస్తే చుక్కలు తప్ప ఏమీ మిగలవు.

బ్లూ ఐరిస్, ఫ్రిగేట్ లాంటి సాఫ్ట్‌వేర్లలో కెమెరాను కలపాలంటే ఆర్‌టీఎస్‌పీ అడ్రస్ ఇవ్వాలి. దీనికి సాధారణంగా 554 పోర్టు వాడతారు. హైక్‌విజన్ కెమెరాల్లో అడ్రస్ చివర 101 ఉంటే మెయిన్, 102 ఉంటే సబ్. దహువాలో సబ్‌టైప్ 0 అంటే మెయిన్, 1 అంటే సబ్. తేడా ఒక్క అంకెే.

అలాగని అన్నిటికీ మెయిన్ పెట్టేస్తే కంప్యూటర్ మీద భారం పడుతుంది. మనిషి వచ్చాడా, కుక్క వచ్చిందా అని గుర్తించే పనికి సబ్ సరిపోతుంది. ఫ్రిగేట్‌లో డిటెక్ట్‌కు సబ్, రికార్డ్‌కు మెయిన్ అని విడివిడిగా ఇవ్వొచ్చు. డిటెక్షన్‌కు సెకనుకు 5 ఫ్రేమ్‌లు చాలు.

ఇక హార్డ్ డిస్క్ లెక్క. బిట్‌రేట్ 4 ఎంబీపీఎస్ పెడితే ఒక్కో కెమెరాకు రోజుకు దాదాపు 43 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలుంటే 1 టీబీ డిస్క్ ఆరు రోజులు కూడా రాదు. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి, మొదటి రోజుల వీడియో మీద కొత్తది ఎక్కేసి ఉంటుంది. హెచ్.265 ఫార్మాట్‌కు మారిస్తే అదే క్లారిటీకి సుమారు సగం జాగా సరిపోతుంది. కాకపోతే కొన్ని బ్రౌజర్లలో హెచ్.265 లైవ్ ప్లే కాదు. అందుకే సబ్‌ను హెచ్.264లోనే ఉంచడం మేలు.

టైమ్ జోన్ కూడా ఒకసారి చూసుకోవాలి. చైనా టైమ్ మీదే వదిలేస్తే వీడియోలో గడియారం రెండున్నర గంటలు ముందుంటుంది. పోలీసులకు ఇచ్చే ఫుటేజీలో అది లేనిపోని తలనొప్పి.

బయటి నుంచి చూడాలని రౌటర్‌లో 554 పోర్టు ఓపెన్ చేయడం మాత్రం వద్దు. మామూలు ఆర్‌టీఎస్‌పీ వీడియోకు ఎన్‌క్రిప్షన్ ఉండదు. వీపీఎన్ ద్వారా చూడటమే సేఫ్. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ కూడా మార్చాల్సిందే. 2016లో మిరాయ్ మాల్‌వేర్ లక్షల కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లను ఆక్రమించింది ఇలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డ్‌లతోనే.

సెట్టింగ్స్ అయ్యాక రాత్రిపూట ఇంట్లోవాళ్లు ఒకరు గేటు దగ్గర నడవాలి. తర్వాత లైవ్ కాదు, రికార్డింగ్ తీసి జూమ్ చేయాలి. మొహం గుర్తుపట్టేలా లేకపోతే ముందు స్ట్రీమ్ అడ్రస్ చూడండి.