పాత మోటారుబండి – దాని పోషణము



మా ప్రాంతమున ఎడ్లబండి నెఱుగని పెద్ద యుండడు. ఇరుసు, ఆకులు, పూటీలు, నొగలు, కాడి – వీనిలో నేది చెడినను దాని నొక్కదానినే విప్పి, వడ్రంగిచేత క్రొత్తది చేయించి, మరల బిగించుకొందుము. తాత చేయించిన బండిని మనుమడు తోలును. అందలి కొయ్య లన్నియు మాఱిపోయి యుండవచ్చును; అయినను అది తాతగారి బండియే. మోటారుబండికి సైత మిట్టి దీర్ఘాయువు కలుగునా? కలిగినచో కారణ మేమి? కొన్నవాని ధనమా, చేసినవాని నేర్పా, పోషించువాని శ్రద్ధయా? కొంత చరిత్రమును, నలువది యేండ్ల స్వానుభవమును జతపఱచి యీ ప్రశ్నకు సమాధానము చెప్ప యత్నించెదను.

నేను యంత్రవిద్య నభ్యసించినవాడను కాను. తెలుగు పండితుడనై జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పాఠశాలలలో పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. ఆ మూడు పట్టణములును నా యుద్యోగకాలమున వరంగల్లు జిల్లాలోనివే; 2016 అక్టోబరులో మూడును మూడు జిల్లాల కేంద్రములైనవి. ఎచటికి బదిలీ యైనను నా వెంట వచ్చినది ఒక్క పాతకారు.

ముందుగా ధనము సంగతి చూతము. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను తనకొఱకు ఇంగ్లండున రోల్సురాయిసు కారొకటి చేయింప నాజ్ఞాపించెను. సింహాసనమువంటి యెత్తైన పీఠముతో, పసుపువన్నెతో, బార్కరు కంపెనీవారు దాని దేహమును నిర్మించిరి. కారు చేరకమున్నే 1911 ఆగస్టునందు నిజాము పరలోకగతు డయ్యెను. ఏడవ నిజాము దానిని ఉత్సవములకు మాత్రమే వెలికి తీయించెడివాడు. సంస్థానము ముగియునాటికి అది నాలుగువందల మైళ్లైనను తిరుగలేదని చెప్పుదురు. అటుపిమ్మట చిరకాలము కదలక పడియుండి, తుదకు నిపుణులచేత పునరుద్ధరింపబడి, హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున ప్రజలకు దర్శనీయమైనది. ఆ కారు బ్రదికినది. కాని నడువక బ్రదికినది. కదలని యంత్రమున ఇనుము తుప్పుపట్టును, రబ్బరు బీటలువాఱును, పెట్రోలు జిగటయై సన్నని రంధ్రముల మూయును. ఎంత ధనము గలవానికైనను ఈ నియమము తప్పదు.

ఇక రెండవ మార్గము. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఇంగ్లండులో స్పోర్ట్సు కారనబడు చిన్నబండి వ్యాప్తికి వచ్చినది. ఇద్దఱికి చోటు, తేలికైన దేహము, మలుపులలో చుఱుకుదనము – ఇవి దాని లక్షణములు. ఎం.జి. యను కంపెనీవారు 1929 నాటినుండి మిడ్జెట్టు అను పేర ఇట్టి బండ్లను సరసమైన వెలకు అమ్మసాగిరి. కొన్నవారిలో జమీందారులే కాక సామాన్యోద్యోగులును ఉండిరి. కూలి యిచ్చుకొనలేక కొందఱు, వేడుకకై కొందఱు, సెలవుదినమున తమ కొట్టములోనే బండి విప్పి బాగుచేసికొనెడివారు.

నా కారు స్పోర్ట్సు కారు కాదు; ఒక స్పోర్ట్సు కారునకు పెద్దన్న. దాని పేరు హెరాల్డు. కవెంట్రీ నగరమందలి స్టాండర్డు ట్రయంఫు కంపెనీవారు 1959లో దానిని వెలువరించిరి. దాని రూపమును కల్పించినవాడు ఇటలీ దేశస్థుడగు మికెలొట్టి. ఆ కాలమున కారులలో పెక్కింటిని చట్రమును దేహమును ఒకటిగా అతికి చేయుచుండిరి. ఈ కంపెనీకి మాత్రము అది సాధ్యపడలేదు. వారికి దేహములు చేసియిచ్చుచుండిన ఫిషరు లడ్లో కార్ఖానాను 1953లో పోటీదారులగు బ్రిటిషు మోటారు కార్పొరేషనువారు కొనివైచిరి. అందుచే దేహమును తునకలు తునకలుగా వేర్వేఱు చోట్ల చేయించి, ప్రత్యేకమైన యినుపచట్రముమీద బోల్టులతో బిగింపవలసి వచ్చెను. వ్యాపారమందలి యిబ్బంది యిట్లు కొన్నవారికి మేలైనది. ఎడ్లబండివలెనే ఆ కారునందును ఏ భాగమున కాభాగము విడివడును. ముందుభాగపు మూత, చక్రములమీది రెక్కలతో సహా, పెట్టెమూతవలె ముందునకు లేచును. లేపి, ముందుచక్రముమీదనే కూర్చుండి ఇంజను పని చేసికొనవచ్చును.

1962లో ఆ చట్రమునే కుఱుచచేసి స్పిట్‌ఫైరు అను స్పోర్ట్సు కారును చేసిరి; అది 1980 వఱకు తయారైనది. మన దేశమున మద్రాసు చేరువనున్న వండలూరులో స్టాండర్డు మోటారు కంపెనీవారు 1961 నుండి హెరాల్డును నిర్మించిరి.

హనుమకొండలో వైద్యము చేయుచుండిన మా మేనమామ 1966లో అట్టి కారొకటి కొనెను. 1984లో ఆయనకు చూపు మందగించినది. అప్పుడు క్రొత్తగా ఉద్యోగములో చేరిన నన్ను పిలిచి, తాళపుచెవిని, కంపెనీవారి ఆంగ్లపుస్తకమును నా చేత బెట్టి, “అల్లుడా, విప్పి చూడక దేనిని చెడిపోయిన దనకుము” అనెను.

జనగామలో నాకు మొదటి పరీక్ష కలిగినది. ఒకనాటి రాత్రి దున్నపోతు అడ్డము వచ్చుటచే కారు ముందుమూత సొట్టపడెను. రేకు మార్చవలెనని పట్టణపు మేస్త్రీ యొకడు చెప్పిన వెల నా మూడు మాసముల జీతము. జనగామకు చేరువనున్న పెంబర్తి గ్రామము ఇత్తడి రేకుపనికి ప్రసిద్ధము. 2010లో ఆ కళకు భౌగోళిక గుర్తింపు లభించినది. దేవతామూర్తుల కవచములు, ఉత్సవవాహనముల తొడుగులు చేయు వృద్ధశిల్పి యొకడు అచట నుండెను. నేను మూతను విప్పి, ఎడ్లబండిమీద వేసికొని ఆయనకడకు పోతిని. ఆయన దానిని చేతితో తడవి చూచి, “ఇనుము ఇత్తడివలె మాట వినదు, తొందరపడినచో సాగి బొబ్బ యగును” అనెను. పిదప ఇసుకసంచి ఆధారముగా నుంచి, కొయ్యసుత్తితో సొట్ట అంచులనుండి నడిమికి మెల్లమెల్లగా కొట్టుచు రెండు సాయంకాలములలో సరిచేసెను. ఆ రేకు నేటికిని కారుమీదనే యున్నది.

1990 ప్రాంతమున నాకు మానుకోటకు, అనగా మహబూబాబాదునకు, బదిలీ యైనది. అప్పటికే వండలూరు కంపెనీవారు 1988లో కారుల తయారీ నిలిపివైచిరి. మానుకోటలో ఒక ముసలి మేస్త్రీ నాకు గురువైనాడు. వాల్వునకును, దానిని నొక్కు మీటకును నడుమ అంగుళములో నూఱవవంతు సందుండవలెనని, ఆ సందు హెచ్చినచో ఇంజను టకటకలాడునని, తగ్గినచో వాల్వు పూర్తిగా మూసికొనక కాలిపోవునని ఆయన బోధించెను. సందు కొలుచు రేకుతో కొలిచిన పిమ్మట కన్నులు మూసికొని చెవితో వినుమనెడివాడు. గణము తప్పిన పద్యపాదమును చెవి యెట్లు పట్టునో, సందు తప్పిన వాల్వును నా చెవి అట్లు పట్టుటకు మూడేండ్లు పట్టినది.

భాగములు దొఱకుట కష్టమైనప్పుడు తమ్ముడు అన్నను రక్షించెను. ఇంగ్లండులో స్పిట్‌ఫైరును, హెరాల్డును, వాని జాతిబండ్లను పోషించువారు 1977లో ట్రయంఫు స్పోర్ట్సు సిక్సు క్లబ్బును స్థాపించుకొనిరి. స్పిట్‌ఫైరును ప్రేమించువారు పెక్కుమంది కలరు గనుక, చిన్న కార్ఖానాలవారు దాని భాగములను నేటికిని చేయుచున్నారు. వానిలో పెక్కు హెరాల్డునకును సరిపోవును. అట్లు మానుకోటలోని నా యింటికి ఇంగ్లండునుండి టపాలో చిన్నచిన్న పొట్లములు వచ్చుచుండెను.

ఇక నా తప్పిదము చెప్పవలసియున్నది. 2008లో నేను భూపాలపల్లిలో నుంటిని. చెల్పూరు విద్యుత్కేంద్ర నిర్మాణము సాగుచుండిన దినములవి. నా భార్యతో కలిసి పోవుచు, ఎదురుగా వచ్చు బొగ్గులారీకి దారి యిచ్చుటకై బండిని ప్రక్కకు త్రిప్పితిని. ఫెళ్లుమని శబ్దమై కుడి ముందుచక్రము లోపలికి ఒరగిపోయెను. వేగము లేకుండుటచే మాకు గాయములు తగులలేదు. అదే వరంగల్లు రహదారిమీద వేగముగా పోవునప్పుడు జరిగియుండినచో ఈ ప్రసంగము చేయుటకు నేనుండను.

కారణ మిది. ఆ కారులో ముందుచక్రమును నిలుపు నిలువుకమ్మి క్రిందికొస మరచుట్టుగా నుండి కంచుదిమ్మలో తిరుగును. చక్రమును మళ్లించినప్పుడెల్ల ఆ మర కంచులో తిరుగవలెను. అచట చిక్కని గేరునూనె పోయుమని కంపెనీవారి పుస్తకము చెప్పుచున్నది. నేను ఇరుసునకు ఆముదమును మసియు కలిపి కందెన పెట్టిన యింటివాడను. కందెన గట్టిగా నున్న కొలది మేలని తలచి, అచట ఏండ్లతరబడి గ్రీజు కూరితిని. గ్రీజు మరచుట్టులోనికి చక్కగా ప్రాకదు. కాలక్రమమున గట్టిపడి నూనె పోవు దారిని మూయును. నీరు చేరి మర తుప్పుపట్టి, కంచులో బిగుసుకొని, తుదకు విఱిగినది. ఆ రాత్రి పుస్తకము విప్పి చూచితిని. గ్రీజు పెట్టు చోట్లను, నూనె పోయు చోట్లను వేర్వేఱుగా స్పష్టముగా వ్రాసియున్నారు. ఇరువదినాలుగేండ్లు ఆ పుట నా కన్నులయెదుటనే యుండెను. నా భార్య, “పిల్లల కాపీలలో అరసున్న తప్పినను ఎఱ్ఱసిరా పెట్టితిరి; మీకెవరు పెట్టవలెను?” అని మాత్ర మనెను.

ఆ మాటకు సమాధానముగా ఒక దస్తరము ప్రారంభించితిని. ఏ దినమున ఏ భాగము విప్పితినో, లోపల ఏమి కనబడెనో, ఏ నూనె పోసితినో, మైళ్ల సంఖ్యతో సహా అందు వ్రాయుదును. ఇంధనము మాఱినప్పుడెల్ల చేసిన పనియు అందున్నది. 2000లో దేశమంతట సీసములేని పెట్రోలే అమ్మకమునకు వచ్చినది. పాత ఇంజనులలో వాల్వు కూర్చుండు పీట అరుగకుండ సీసము కాపాడుచుండెను గనుక, తరువాత ఇంజను విప్పినప్పుడు గట్టిలోహపు పీటలు వేయించితిని. 2023 నుండి నూటికి ఇరువదిపాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చుచున్నది. అది పాత రబ్బరును మెత్తబఱచును. గొట్టము లన్నిటిని మార్చితిని. ఇప్పుడు మాసమునకొకసారి వానిని వ్రేళ్లతో నొక్కి, వాసనచూచి పరీక్షించుచున్నాను.

చక్రము విఱిగిన తరువాత భాగము వచ్చువఱకు కారు లేక, సాయంకాలములందు బస్సెక్కి గణపురము చెఱువు గట్టునకు పోయెడివాడను. అది కాకతీయుల నాటి గణపసముద్రము. మన పూర్వులు చెఱువు కట్టించుటతో పని ముగిసినదని తలపలేదు. చెఱువును బాగుచేయువానికి దశబంధమను పేర మాన్యము నిచ్చు ఆచారము తెలుగుదేశపు శాసనములలో కానవచ్చుచున్నది. కట్టించిన రాజు పేరు లోకమునకు తెలియును. ఏటేట గండి పూడ్చి, తూము శుభ్రపఱచినవాని పేరు తెలియదు. నేడా నీటిక్రింద పంట పండుచున్న దనిన, ఆ రెండవవానికిని మనము ఋణపడియున్నాము.

ఇప్పుడు నాయెదుట నొక చిక్కు కలదు. ఏబదియేండ్లు నిండిన బండ్లను వింటేజి వాహనములుగా నమోదుచేయుటకు కేంద్రప్రభుత్వమువారు 2021లో నియమములు చేసిరి. ఆ నమోదు పదియేండ్లు చెల్లును. కాని అట్టి బండిని ప్రదర్శనమునకు, పాతబండ్ల ఊరేగింపునకు, పరిశోధనకు, పెట్రోలు పోయించుకొనుటకు, మరమ్మతునకు మాత్రమే రహదారిమీదికి తేవచ్చును. సాధారణపు కారుగానే యుంచినచో అయిదేండ్లకొకసారి పరీక్షకు నిలిపి నమోదును పొడిగించుకొనవలెను. హైదరాబాదున నున్న నా కుమారుడు మొదటి మార్గమే మేలనును. “బాపూ, ఆ బండి బ్రేకులును పాతవి, మీ కన్నులును పాతవి” అనును. అతని మాట అసత్యము కాదు. ఆ కారులో నడుమునకు పట్టీలు లేకుండెను. నేను తరువాత వేయించితిని. బ్రేకులు నేటి కారులకు సాటిరావు.

అందుచే రాత్రి నడుపుట మానితిని. హైదరాబాదు రహదారిమీద దూరము పోను. వారమునకొక యుదయము జనగామనుండి పెంబర్తివఱకు పోయి వత్తును. నిజాముగారి రోల్సురాయిసువలె దీనిని నిలిపియుంచుటకు నా మన సొప్పకున్నది. మరల నమోదు గడువు వచ్చినప్పుడు ముందుగా నా కన్నులను వైద్యునికి చూపుదును. చూపు చాలినచో సాధారణపు నమోదు కోరుదును. చాలనిచో మేనమామ చేసినట్లే తాళపుచెవిని, పుస్తకమును, వానితోబాటు నా దస్తరమును కుమారునికి అప్పగింతును. నిర్ణయము అతనిది.

నేను మొదట నడిగిన ప్రశ్నకు సమాధాన మిదియే. విప్పుటకు వీలుగా చేసినవాడొకడు, విప్పి చూచువాడొకడు ఉన్నచో యంత్రము నిలుచును. మీ యిండ్లలో కారు లేకున్నను పంపుసెట్టు, కుట్టుమిషను, గోడగడియారము ఉండును. కొనునప్పుడు అది విడివడునో లేదో విచారింపుడు. మేస్త్రీ విప్పునప్పుడు ప్రక్కన నిలిచి చూడుడు. పిల్లలను సైతము నిలువనిండు. ఏమి మార్చెనో తేదీతో వ్రాసియుంచుడు. కందెన యన్నచోట కందెనయే పెట్టుడు. నూనె యన్నచోట నూనెయే పోయుడు. ఈ యొక్క భేదము నేర్చుకొనుటకు నాకు ఇరువదినాలుగేండ్లు పట్టినది, మీకు పట్టకుండుగాక. సెలవు.