పేకముక్కలాయన అద్దిన కలంకారీ

ఐరోపాలో మన అద్దకం బట్టకు నకలు తీసినవాళ్లలో రికార్డుకెక్కిన మొదటివాడు నేతగాడూ కాదు, రంగులద్దేవాడూ కాదు. పేకముక్కలు అచ్చువేసే ఆసామి! 1648లో ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో బెన్వా గాంతోమ్ అనే అతను, దిమ్మలు చెక్కే ఇంకొకతన్ని కలుపుకుని ‘ఇండియెన్’ (మన అద్దకం బట్టకు అక్కడి పేరు) బట్టలు అద్దుతామని ఒప్పందం రాసుకున్నాడు. ఇది చదివినప్పటినుంచీ మా భవానీపురంలో ఎవరు కలంకారీ దుప్పటి అమ్మజూపినా తిరగేసి చూడకుండా ఉండలేకపోతున్నాను.

అప్పటికే మచిలీపట్నంలో డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ కొట్లు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లని రప్పించిన వాటిలో చిరివేరు ఎరుపు ఒకటి. ఎన్ని ఉతుకులు ఉతికినా వెలవని ఎరుపు. పేకముక్కలాయన దిమ్మ చెక్కగలడు, ఆ రంగు నిలబెట్టడమే రాదు. 1672లో ఆర్మీనియా పనివాళ్లు వచ్చాక గానీ మార్సెయ్‌కి ఆ విద్య కొంతైనా పట్టుబడలేదు.

ఈలోగా అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1686లో ఫ్రాన్సు మన సరుకునీ దాని నకలునీ కూడా నిషేధించింది; 1759 దాకా అదే వరస. ఇంగ్లండు 1700లో దిగుమతికి అడ్డుకట్ట వేసింది. 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో ఆడవాళ్ల ఒంటిమీది అద్దకం గౌన్లు చింపారు, యాసిడ్ చల్లారు. 1721 చట్టంతో కట్టుకోవడమే నేరమైంది. ఈస్టిండియా కంపెనీ మాత్రం అదే సరుకును లండన్‌లో దింపి పరాయి దేశాలకు నిక్షేపంగా అమ్ముకుంది. సుంకాల తగువులు ఈ కాలంలోనే పుట్టాయనుకునేవాళ్లకి ఈ కథ చెప్పాలి.

ఇక ఫ్రెంచి పాదిరీ కూర్దూ సంగతి. తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చిన మనిషి కాబట్టి ఆయనంటే నాకు గౌరవం. కానీ 1742లో ఆయన స్వదేశానికి రాసిన ఉత్తరం చూడండి: కరక్కాయ, గేదెపాలు, పటిక, ఏది ముందు, ఏది వెనక, అంతా పూసగుచ్చినట్టు ఉంటుంది. తన దగ్గర మతం పుచ్చుకున్న అద్దకం పనివాళ్లనుంచి లాగిన కూపీ అది. ఈ రోజుల్లో అయితే కోర్టుకెక్కే వ్యవహారం.

తర్వాతి వందేళ్లు గబగబా దాటేస్తాను, చెప్పాలంటే బాధ. 1864 ఉప్పెన బందరును ఊడ్చేసింది. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన మన దేశపు బట్టల నమూనాలు 700 కత్తిరించి, 18 సంపుటాల్లో అతికించి, చూసి నేసుకోండని బ్రిటిష్ మిల్లులవాళ్లకి అందించాడు. మూడేళ్లలో ప్రయోగశాల ఎరుపు కూడా వచ్చేసింది. చిరివేరు తవ్వేవాళ్ల పని అయిపోయింది. వేరుతో పాటు, ఏ నేలలో దొరికిన వేరుకి ఏ ఛాయ వస్తుందో చెప్పగల కన్నూ పోయింది. దాన్ని ఏ ఉత్తరమూ రాసిపెట్టుకోలేదు.

ఇప్పుడు లెక్కలు తిరగబడ్డాయి. 2019లో ప్రపంచ వాణిజ్యంలో నకిలీ సరుకు 2.5 శాతం, 46,400 కోట్ల డాలర్లని ఓఈసీడీ అంచనా. వేలెత్తి చూపేది ఎక్కువగా ఆసియా వైపే.

మచిలీపట్నం కలంకారీకి జీఐ గుర్తింపు ఉంది. అయినా స్క్రీన్ ప్రింటు అదే పేరుతో సగానికన్నా తక్కువకి పోతోంది. బందరు పక్కనున్న పెడనలో దిమ్మలతో వేసిన అచ్చయితే దిమ్మకీ దిమ్మకీ మధ్య అతుకు వెంట్రుకవాసి పక్కకి జరిగి కనిపిస్తుంది, రంగు వెనక్కి దిగుతుంది. స్క్రీన్ పనిలో అతుకు తెలియదు, వెనకవైపు వెలవెలబోతుంది. ఆ స్క్రీన్ బల్లలు ఎక్కడో పరదేశంలో లేవు. పెడనలోనే ఉన్నాయి. చవక సరుకు అడిగే షావుకారుకి కాదంటే, ఆ వారం కూలి గిట్టదు.