కన్నీళ్లు పుట్టేచోటు

అమ్మమ్మ పోయినప్పుడు అమ్మ ఏడవలేదు. "కన్నతల్లి పోతే కంట తడైనా లేదు, ఏం గుండో!" అని వాకిట్లో ఒకావిడ అన్నమాట అమ్మా విన్నది, నేనూ విన్నాను. రెండేళ్ల తర్వాత కళ్ల మంటలని డాక్టరుకి చూపిస్తే, కళ్లల్లో నీరు ఊరడమే బాగా తగ్గిపోయిందని తేలింది. ఆడదాని దుఃఖానికి కన్నీళ్లను సాక్ష్యమడిగే లోకం అవెక్కడ పుడతాయో అడగదు. స్త్రీల ఆత్మకథలపై పిహెచ్‌.డి. చేసిన నేనూ అడగలేదు, రీటా లెవీ మోంటాల్చీని ఆత్మకథ చదివేదాకా.

1909లో ఇటలీలోని ట్యూరిన్‌లో యూదు కుటుంబంలో పుట్టింది రీటా. పైచదువులు ఆడపిల్ల కాపురానికి అడ్డమని తండ్రి నమ్మకం. ఆయన్ని ఒప్పించి వైద్యం చదివింది. 1938లో ముస్సోలినీ జాతి చట్టాలు యూదుల్ని విశ్వవిద్యాలయాల నుంచి గెంటేస్తే పడగ్గదినే ప్రయోగశాల చేసుకుంది. కుట్టుసూదుల్ని సానపట్టి కోడిగుడ్లలోని పిండాలను కోసి, నాడులెలా పెరుగుతాయో చూసింది. (సూదీదారం నేర్చుకోమని మనకు చెప్పినవాళ్లు దీన్ని ఊహించి ఉండరు!) బాంబుల భయానికి పల్లెకు చేరాక రైతుల ఇళ్లు తిరిగి గుడ్లు తెచ్చుకునేది.

1947లో అమెరికా వెళ్లింది. ఎలుకల కణితిలో ఏదో పదార్థం నాడుల్ని పెంచుతోందన్న అనుమానాన్ని 1952లో రియో డి జనీరోలో, హెర్తా మేయర్ ప్రయోగశాలలో రుజువు చేసుకుంది. ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది వదిలేసే పేరు హెర్తాది. ఆ తర్వాత రీటా సహచరుడు స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల సారాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు ఎక్కిస్తే, రెండు వారాలకు తెరుచుకోవాల్సిన కళ్లు వారానికే తెరుచుకున్నాయి! అలా దొరికింది రెండో వృద్ధికారకం. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

వృద్ధికారకాల కుటుంబాలు చాలా ఉన్నాయి. అందులో ఇంకో కుటుంబానికి చెందిన ఎఫ్‌జీఎఫ్‌-10 దగ్గరే నా ప్రశ్నకు జవాబు దొరికింది. హెలెన్ మకరెన్కోవా మొదటి రచయిత్రిగా 2000లో వచ్చిన పరిశోధనాపత్రం ప్రకారం, ఎలుక పిండంలో కంటిపొర పక్కనున్న కణజాలం ఈ కారకాన్ని పంపిస్తే ఆ పొర మొగ్గ తొడిగి, కొమ్మలు వేసి, కన్నీటి గ్రంథి అవుతుంది. ఆ పిలుపు అందుకోవడానికి పొర సిద్ధంగా ఉండాలి. ఆ పని పాక్స్‌-6 జన్యువుది. ఎఫ్‌జీఎఫ్‌-10 లేని ఎలుకలకు ఆ గ్రంథే ఏర్పడదు. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధనలో ఈ కారకాన్ని కంటి కటకంలో పుట్టిస్తే, పారదర్శకంగా ఉండాల్సిన కార్నియా పొరలోంచి గ్రంథులు మొలిచాయి. ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడినా మనుషుల్లో కన్నీటి, లాలాజల గ్రంథులు సరిగా ఏర్పడకపోవచ్చని 2005లో తెలిసింది.

అమ్మది ఈ జన్యువు గొడవ కాదు, వయసుతో వచ్చింది. అయినా ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. కంట్లో చుక్కలు వేయించుకుంటూ విని, "ఆ గ్రంథి లేని ఎలుక పిల్లలు ఏమైపోయాయే?" అంది.

ఊపిరితిత్తులు కూడా ఆ జన్యువు వల్లే ఏర్పడతాయని, అవి పుట్టగానే చచ్చిపోతాయని చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.