హైదరాబాద్ పేరు మోసిన మూడు విమానదళాలు

1940లో జర్మన్ విమానాలు ఇంగ్లండ్ మీద విరుచుకుపడినప్పుడు వాటికి ఎదురెళ్లిన బ్రిటిష్ ఫైటర్ దళాల్లో రెండింటికి హైదరాబాద్ పేరుంది. ఒకటి 152వ నంబరు హైదరాబాద్ స్క్వాడ్రన్, రెండోది 253వ నంబరు హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్. బాంబర్లు నడిపిన 110వ స్క్వాడ్రన్‌దీ హైదరాబాద్ పేరే. కరీంనగర్, ఆదిలాబాద్ అప్పుడు నిజాం ఏలిన హైదరాబాద్ సంస్థానంలోని జిల్లాలు. తెలంగాణ చరిత్ర చదివినవాళ్లలో కూడా ఈ దళాల సంగతి తెలిసినవాళ్లు తక్కువ. తెలియాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఆ పేరుకు ఖరీదు చెల్లించింది మన పల్లెలు.

కథ మొదటి ప్రపంచయుద్ధంలో మొదలైంది. 1917 నవంబరులో ఏర్పడిన 110వ స్క్వాడ్రన్‌కు తొలి విడత డీహెచ్ 9ఏ బాంబర్లను ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుకగా ఇచ్చాడు. ఒక్కో విమానం మీద ఆయన పేరు రాయించారు. ఆ విమానాలు 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరి, పట్టపగలు సరిహద్దు దాటి జర్మన్ పట్టణాల మీద బాంబులు వేశాయి. జర్మన్ ఫైటర్లు దారికాచి కూల్చడంతో నష్టాలు తీవ్రంగా ఉండేవి. అక్టోబరు 5న ఎఫ్ 1010 అనే విమానం శత్రువు నేల మీద దిగిపోయింది, అందులోని ఇద్దరూ బందీలయ్యారు. జర్మన్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో అది పోలండ్ చేరింది. 1977లో బ్రిటన్ వాళ్లు ఒక స్పిట్‌ఫైర్‌ను బదులుగా ఇచ్చి దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు.

ఆ కానుక విమానాల సొమ్ము నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫెఖాస్‌దైనా, సర్కారు దివానీ ఖజానాదైనా, దాని అడుగున ఉన్నవి రైతు కట్టిన శిస్తు, కల్లు మీద వచ్చిన ఆబ్కారీ పన్ను. గోదావరికి ఇవతల కరీంనగర్ చెరువుల కింద, అవతల ఆదిలాబాద్ నల్లరేగళ్లలో పండిన పంటలో ఒక వంతు అలా విమానాల రెక్కలెక్కింది. ఈ లెక్క ఏ రైతుకూ ఎవరూ చెప్పలేదు. యుద్ధసాయానికి ప్రతిఫలంగా నిజాంకు 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' హోదా, బ్రిటిష్ ప్రభుత్వ విశ్వసనీయ మిత్రుడన్న బిరుదు దక్కాయి. తర్వాత 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా, దాని నినాదంలో ఆ 'విశ్వసనీయ మిత్రుడు' అన్న మాట చోటు చేసుకున్నాయి.

రెండో యుద్ధంలోకి బ్రిటన్ దిగిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, 110వ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్ బాంబర్లు జర్మన్ యుద్ధనౌకల మీదకు వెళ్లాయి. ఆ యుద్ధంలో బ్రిటన్ చేసిన మొట్టమొదటి బాంబుదాడి అది. ముందు నడిపింది కెన్నెత్ డోరన్. అడ్మిరల్ షీర్ నౌకకు తగిలిన బాంబులు పేలలేదు.

1940 జులైలో 152వ దళం స్పిట్‌ఫైర్లతో దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్‌కు వచ్చింది. పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని కాపాడటం దాని పని. ఫ్రాన్స్‌లోని చెర్‌బూర్గ్ వైపు నుంచి హైంకెల్ బాంబర్లు గుంపుగా వస్తే, వాటికి కాపలాగా మెసర్‌ష్మిట్ 109లు పైన తిరిగేవి. ఇస్పేటు ఆసు గుర్తు పెట్టుకున్న జేజీ 53 అనే జర్మన్ ఫైటర్ దళం అప్పుడు ఆ వైపే ఉండేది. 253వ దళానికి ఇంకా కష్టకాలం. ఆగస్టు చివర్లో అది హరికేన్లతో లండన్ దగ్గరి కెన్లీ చేరింది. రెండు రోజులకే, ఆగస్టు 31న, దళనాయకుడు హెరాల్డ్ స్టార్ చనిపోయాడు. అదే రోజు టామ్ గ్లీవ్ విమానం అంటుకుంది, ఆయన ఒళ్లంతా కాలి బయటపడ్డాడు. కాలిన ముఖాలకు కొత్త చర్మం అతికిన డాక్టర్ మెకిండో దగ్గర చేరిన తొలి రోగుల్లో ఆయనొకడు. తమ దళానికి పేరిచ్చిన నేల ఎలా ఉంటుందో చూడకుండానే ఆ యువకులు పోరాడారు. వాళ్ల ధైర్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

అదే 1940లో ఆదిలాబాద్ అడవిలో, జోడేఘాట్‌లో, భూమి కోసం తిరగబడ్డ గోండు వీరుడు కొమరం భీంను నిజాం పోలీసులు కాల్చిచంపారు. నాజీలకు ఎదురునిలిచిన దళాలకు హైదరాబాద్ పేరు, తన నేల అడిగినవాడికి హైదరాబాద్ తూటా. రెండింటినీ ఒకే పేజీలో రాయకపోతే చరిత్ర అబద్ధమవుతుంది.

యుద్ధం ఆదిలాబాద్‌కు మరో విధంగానూ వచ్చింది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. అందువల్ల బ్రిటిష్ వాళ్లు ఆయనను హైదరాబాద్ సంస్థానం దాటవద్దని కట్టడి చేశారు. భీం తిరుగుబాటు తర్వాత గోండుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం సర్కారు ఆయన్నే పంపింది. ఆయన మార్లవాయిలో కాపురముండి గోండు పిల్లల చదువుకు దారి వేశాడు. శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్న మనిషి వల్ల గోండు గూడేలకు మేలు జరిగింది. మైదానంలోని రైతులకు మాత్రం యుద్ధకాలమంటే లెవీ ధాన్యం. తర్వాత లేచిన తెలంగాణ సాయుధ పోరాటానికి ఆ నిర్బంధ వసూళ్లూ ఒక కారణం.

1942లో 152, 253 దళాలు ఉత్తర ఆఫ్రికా వెళ్లాయి, ఆ తర్వాత ఇటలీ. 152 అక్కణ్నుంచి బర్మా యుద్ధరంగానికి మారింది. 110 అప్పటికే భారత్ చేరింది, జపాన్ సైన్యం మీద పోరాడింది. యుద్ధం ముగిశాక 253 దళాన్ని 1957లో, 152ను 1967లో, 110ను 1971లో శాశ్వతంగా రద్దు చేశారు.

ఎఫ్ 1010 మాత్రం బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. హైదరాబాద్‌లోని స్టేట్ మ్యూజియంలో దాని ఫొటో ఒకటి పెట్టి, కింద శిస్తు కట్టిన జిల్లాల పేర్లు రాయాలి. కరీంనగర్, ఆదిలాబాద్ బడుల్లో కొమరం భీం పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఈ మూడు దళాల సంగతి కూడా పిల్లలకు చెప్పాలని నా మనవి.