ఫిట్టరు కట్టిన గజ్జెలు

వరి కోతలైపోయాయి. కళ్ళంలో కుప్పలు లేచాయి. 1970ల నాటి ఒక చలికాలపు రాత్రి, పార్వతీపురం పక్కన ఏదో ఒక ఊరు అనుకోండి. రామమందిరం ముందు పెట్రోమాక్సు లైటు బుసకొడుతోంది. చోడి అంబలి తాగేసి, గోనెపట్టాలు పరుచుకుని జనం కూర్చున్నారు. మైకు లేదు. చీకట్లోంచి ముందు గజ్జెల చప్పుడొచ్చింది, ఆ వెనకాల మనిషొచ్చాడు. భుజాన గొంగడి. నోరు విప్పాడు.

"ఓలమ్మో, మన మాటే మాటాడతన్నాడే!" అంటూ వెనక వరసలో ఒక ముసలమ్మ పక్కావిడని మోచేత్తో పొడిచింది.

ఆ ముసలమ్మను నేను ఊహించుకుని రాశాను. గజ్జెలు కట్టిన మనిషి మాత్రం ఊహ కాదు. ఆయన వంగపండు ప్రసాదరావు. 1943లో పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టినవాడు. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరు.

ఆయన పెరిగిన నేల సంగతి కొంచెం చెప్పాలి. విజయనగరంలో 1919లోనే సంగీత కళాశాల వెలిసింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు. ఆ ఘనత అందరికీ తెలిసిందే. కానీ ఆ గోడల బయట ఇంకో సంగీతం నడుస్తూనే ఉంది. రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుని, వానల కోసం గంగమ్మను పాడుతూ, ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి ఆడే తప్పెటగుళ్ళు. చంకలో ఇరికించుకుని తీగ బిగిస్తూ వదులుతూ మీటితే మనిషి గొంతులాగే పైకీ కిందికీ మూలిగే జముకు. రాత్రంతా మద్దెలలు మోగించే తూర్పు భాగోతం. మోకాలి లోతు బురదలో నడుం వంచిన ఆడవాళ్ళ ఉభాల (వరినాట్ల) పాటలు. నా లెక్కలో ఇవి కూడా కళాశాలలే. వంగపండు చదివింది వీటిలోనే.

ఇంకో పాఠం రక్తంతో రాసింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న నేలకొరిగారు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడిపంతుళ్ళ వెనక అప్పటికే సంఘం కట్టిన సవర, జాతాపు పల్లెలు ఆ తర్వాత సాయుధ పోరాటంలోకి నడిచాయి. ఉద్దానంలోని బొడ్డపాడులో గుడి అర్చకుడిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను అందుకున్నాడు. అమ్మవార్ల మహిమలు పాడిన వాయిద్యం మీద భూమి కథ, అప్పు కథ పలికించాడు. 1969 డిసెంబరులో రంగమటియా కొండల్లో తోటి ఉద్యమకారిణి పంచాది నిర్మలతో పాటు పోలీసుల తూటాలకు ఆయన ప్రాణం పోయింది. 1970 జులైలో సత్యం, కైలాసం కూడా వెళ్ళిపోయారు.

కొండల మీద తుపాకులు సద్దుమణిగాయి. పాట మాత్రం మైదానానికి దిగి, బస్సెక్కి విశాఖపట్నం చేరింది. పాడేవాడు అక్కడ స్పానరు పట్టుకుని ఉన్నాడు.

షిప్‌యార్డును ఒకసారి తలుచుకోండి. 1948లో నెహ్రూ చేతుల మీదుగా 'జలఉష' ఓడ నీట దిగింది ఇక్కడినుంచే. సైరన్ కూస్తుంది. వందల చేతులు ఒక్కసారి లేస్తాయి. రేకు మీద సుత్తి, ఇనుము మీద ఆకురాయి, క్రేను గొలుసు కిర్రుమనడం. ఆ గేటులోంచి వెళ్ళేవాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెలవాళ్ళు కొల్లలు. తండ్రి కంబారి (పాలేరు), కొడుకు కార్మికుడు. పండక్కి ఊరెళ్ళి నాగలి పట్టి, సోమవారం మళ్ళీ వచ్చి సుత్తి పట్టే బతుకులు.

వంగపండు పాటలో రకరకాల బాణీలు ఎందుకు కలిశాయి అని అడిగితే నా జవాబు ఈ గేటు దగ్గరే ఉంది. ప్రయోగం చేద్దామని ఆయన కలపలేదు. ఆయన జనం బతుకే అప్పటికి అలా కలిసిపోయి ఉంది. ఉభాల పాట లాగుడూ యంత్రం దెబ్బా ఒకే మనిషి ఒంట్లో ఆడుతున్న కాలం అది. 'యంత్రమెట్లా నడుస్తు ఉందంటే' పాట ఆ ఒంట్లోంచే వచ్చింది. యంత్రాన్ని ఎదురుగా పెట్టి, దాన్ని తిప్పే చెయ్యి ఎవరిదని అడిగే పాట అది. దాని తాళం వర్క్‌షాపుది. యాస మాత్రం పెదబొండపల్లిది.

1972లో విప్లవ సాంస్కృతిక బృందం జననాట్యమండలి పుట్టింది. బి.నరసింగరావు, గద్దర్, వంగపండు దాని తొలి గొంతుకలు. గద్దర్ మెదక్ మాట తెచ్చాడు, వంగపండు సిక్కోలు (శ్రీకాకుళం) మాట తెచ్చాడు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం నేల మీదే. గురజాడ 'కన్యాశుల్కం' ఆడింది విజయనగరంలోనే. అయినా కూలి మనిషి యాస వేదికెక్కితే నవ్వించడానికే అన్న అలవాటు చాలాకాలం పోలేదు. అదే యాసతో జనాన్ని ఏడిపించి, లేపి నిలబెట్టాడు వంగపండు. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించేది ఇదే.

మళ్ళీ ఆ రామమందిరం ముందుకు వెళ్దాం. గజ్జె ఘల్లుమంది. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవా' అని ఎత్తుకున్నాడు. కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. ఎవరో పిల్ల తన బావని సంతకో యాత్రకో రమ్మంటున్నట్టుంది ఆ పిలుపు. రెండో దఫాకే వంత అందరికీ వచ్చేసింది. చరణం నడిచేకొద్దీ పిలుపు ఎక్కడికో తెలుస్తుంది. సాలూరు అవతల, సవర కొండలకు. అక్కడ చిన్న చిన్న పిట్టలు కూడా బలమైనవాటి మీద తిరగబడుతున్నాయట. అమ్మమ్మలు చెప్పే వింతకథ కట్టుబడి ఇది, సరసమైన పల్లవి కింద దాచిన పోరాట కబురు. నవ్విన కుర్రాళ్ళు నవ్వడం మానేశారు. వంత మాత్రం మానలేదు.

నినాదం చెవిదాకా వస్తుంది. వంత అందుకున్నవాడు ఆ పాటలో భాగస్తుడైపోతాడు. పొద్దున్న నారుమడిలో అదే పాట పాడుకోవచ్చు. పక్కన మునసబు నడిచి వెళ్ళినా అతనికి వినిపించేది ఒక సరసపు పాటే.

'భూమి భాగోతం' నృత్యనాటకం ఈ దారిలోనే ఇంకో అడుగు. ఈ నేలమీద భాగోతం అంటే సత్యభామ, ఆమె జడ, ఆమె అలక. వంగపండు ఆ మాటకి ముందు భూమిని చేర్చాడు. భూమి ఎవరిది, ఎవరి చేతికి ఎలా వెళ్ళింది అన్న కథ ఆటగా, పాటగా రంగస్థలానికెక్కింది.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. వందల పాటలు కట్టారు. 1986లో ఆర్.నారాయణమూర్తి 'అర్ధరాత్రి స్వతంత్రం'తో ఆయన పాట వెండితెర ఎక్కింది. 2009లో 'మగధీర'లోని ఒక పాటలో ఎల్దమొస్తవా అన్న పిలుపు మళ్ళీ వినిపించింది. అది విని గంతులేసిన పిల్లల్లో ఎంతమందికి సవర కొండలు తెలుసో అని ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కళారత్న ఇచ్చింది. గజ్జెలు మాత్రం ఆయన పెద్దవయసులోనూ విప్పలేదు.

2020 ఆగస్టు 4. కరోనా ఊళ్ళకు ఊళ్ళనే తలుపులేసి కూర్చోబెట్టిన రోజులు. తెల్లవారుజామున పార్వతీపురంలోని ఇంట్లో గుండె ఆగి ఆయన వెళ్ళిపోయారు. 77 ఏళ్ళు. తోటి గాయకుడు గద్దర్ మూడేళ్ళ తర్వాత, 2023 ఆగస్టు 6న పోయారు.

ఆగస్టు మొదటివారం ఉత్తరాంధ్రలో ఉభాల కాలం. ఎంత రోగమొచ్చినా నారు ఆగదు. ఆ పొద్దున కూడా ఆడవాళ్ళు చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి మడిలో దిగే ఉంటారు. ముందు వరసలో ఒకామె గొంతెత్తి ఉంటుంది, మిగతావాళ్ళు వంత అందుకుని ఉంటారు.