మన బడి తోట: ఒక చిన్న చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకు బడి చరిత్రలో ఏదో ఒక ఘట్టం రాయమని కార్యదర్శి గారు అడిగారు. భవనాల గురించి, పదో తరగతి ఫలితాల గురించి, ఆటల పోటీల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను బావి పక్కన ఒకప్పుడు ఉండిన రెండు సెంట్ల కూరగాయల తోట గురించి రాస్తాను. ఇప్పుడక్కడ సైకిల్ షెడ్డు ఉంది కాబట్టి తర్వాతి బ్యాచ్‌ల వారికి ఆ తోట సంగతే తెలియకపోవచ్చు.

బడిలో తోట అనే ఆలోచన వెనుక పెద్ద కథే ఉంది. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా సదస్సు, చదువు ఒక చేతిపని చుట్టూ సాగాలని తీర్మానించింది. డాక్టర్ జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్యప్రణాళిక రాసింది. నూలు వడకడం, వడ్రంగంతో పాటు వ్యవసాయానికీ అందులో చోటు దొరికింది. పిల్లల పనివల్ల వచ్చే రాబడితో క్రమంగా ఉపాధ్యాయుల జీతాలు గడవాలని కూడా ఆ సదస్సు ఆశించింది. 1966లో కొఠారీ కమిషన్ దీన్నే ‘పని అనుభవం’ అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ‘సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని’ అని పేరు పెట్టింది. ఎన్ని పేర్లు మారినా, ఎనభైల మొదట్లో మా టైంటేబుల్‌లో అది శనివారం చివరి పీరియడే. మేం ‘తోటపని’ అనేవాళ్లం.

నిజానికి మేం ఎనిమిదిలోకి వచ్చేసరికి అక్కడ తోట లేదు, గడ్డి ఉండేది. అల్లరి చేసినవాడిని ఆ గడ్డి పీకడానికి పంపేవారు. ‘వాణ్ణి తోటలోకి పంపారు’ అంటే శిక్ష పడిందని అర్థం. ఆ ఏడాది కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారు ఈ పద్ధతి మార్చారు. ఆయన మా చేతికి పారకంటే ముందు గ్రాఫు కాగితం ఇచ్చారు.

‘ముందు బడి ఎప్పుడెప్పుడు ఉంటుందో రాయండి’ అన్నారు. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, పరీక్షలు అన్నీ గీసుకున్నాం. తోటకూర నెల రోజుల పంట. బెండ సుమారు యాభై రోజులకు కాపుకొస్తుంది. వంగ నారు నెల పెంచి నాటాలి, ఆపైన రెండు నెలలు ఆగాలి. జూన్ చివర బెండ విత్తితే ఆగస్టు 15కు కాయ తెంపవచ్చని లెక్క తేలింది. వంగకు కాయ పడే వేళకు దసరా సెలవులు వస్తాయి కాబట్టి బడి దగ్గర ఇళ్లున్నవాళ్లకు నీళ్ల వంతులు వేశాం. మడి వెడల్పు నాలుగడుగులు, ఎందుకంటే రెండు పక్కల నుంచీ మా చేతులు మధ్యకు అందాలి. పొడవు పదడుగులు. అలాంటి మడులు పన్నెండు. బెండకు వరుసల మధ్య రెండడుగులు, మొక్కకూ మొక్కకూ అడుగు పెడితే మడికి ఇరవై మొక్కలు. లెక్కల క్లాసులో మాకంత ఉత్సాహం అంతకు ముందెప్పుడూ లేదు.

నేను తోట లీడర్ని. బావి నుంచి అరవై అడుగుల కాలువ గీత గీసింది నేనే. కంటితో చూసి తవ్వించాను. నీళ్లు పదో మడి దాకా పారి ఆగిపోయాయి. చివరి రెండు మడుల పిల్లలు రోజూ బిందెలతో మోసేవారు. నేను పట్టించుకోలేదు. ఒకరోజు పన్నెండో మడి వాడు, ‘ఒరేయ్ లీడరూ, నీది మొదటి మడి. నీకేం తెలుస్తుందిరా?’ అన్నాడు. వాళ్ల నాన్న తాపీమేస్త్రీ. ఆయన సన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి తెచ్చి, రెండు కొసలూ పట్టుకోమని చూపించారు. కాలువ చివర మూడంగుళాలు ఎత్తుగా ఉంది. ‘బాబూ, కన్ను మోసపోతుంది. నీళ్లు మోసపోవు’ అన్నారు. తర్వాత నీటిపారుదల ఇంజనీరుగా చివరి ఆయకట్టు రైతుల అర్జీలు చదివినప్పుడల్లా నాకు ఆ పన్నెండో మడే గుర్తొచ్చేది.

పంట బాగానే వచ్చింది. చిక్కు అక్కడే మొదలైంది. అప్పట్లో బడిలో వంట లేదు. మొదటి కోత తలా గుప్పెడు పంచుకున్నాం. తర్వాత కాయలు పెద్దల ఇళ్లకు వెళ్లడం మొదలైంది. ఆ బుట్ట మోసినవాణ్ణి నేనే, అదీ లీడర్నన్న గర్వంతో. ‘మనం పండించినవి మనమెందుకు తినం?’ అని ఒకడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మరుసటి ఏడు మాస్టారు బదిలీ అయ్యారు, వంతులకు సగం మంది రాలేదు. ఇంకో ఏడాదికి మళ్లీ గడ్డి మొలిచింది.

మా తోట నీళ్లు లేక ఎండిందని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు తిరిగి చూస్తే, కష్టపడ్డ చేతికీ తినే నోటికీ మధ్య దారి లేక ఎండిందని తోస్తుంది. వార్ధా పథకం అమ్మకం మీద ఆశ పెట్టుకుంది. మాకు కావలసింది ఒక పొయ్యి.

ఆ పొయ్యి తర్వాత వచ్చింది. బడి పిల్లలకు వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003 జనవరి నుంచి ఉమ్మడి రాష్ట్రంలోని ప్రాథమిక బడుల్లో, ఆ తర్వాత ఉన్నత పాఠశాలల్లో అది అమలైంది. బడుల్లో పోషకాహార తోటలు పెంచాలని 2019లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మాకు తోట ఉండి వంటగది లేదు. నేటి పిల్లలకు వంటగది ఉండి తోట లేదు.

స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టాలన్న ఆలోచన ఉందని విన్నాను. కట్టండి, నా వంతూ ఇస్తాను. దానితో పాటు వంటగది వెనుక, పిల్లలు చేతులు కడుక్కునే నీళ్లు వృథాగా పోతున్న ఖాళీ స్థలంలో తోట కూడా వేద్దాం. రెండు సెంట్లు బడి మొత్తాన్నీ పోషించలేవు. వారానికోరోజు పప్పులోకి ఆకుకూర వచ్చినా చాలు. నేను కోరేవి మూడే. గ్రాఫు కాగితం పిల్లల చేతికివ్వాలి. తోటపని ఎవరికీ శిక్ష కాకూడదు. కోసిన ప్రతి కాయా ఆ పూటే బడి గిన్నెలోకి వెళ్లాలి.

నీళ్ల గొట్టం పట్టుకుని నేనొస్తాను. ఈసారి నాకు చివరి మడి ఇవ్వండి.