గడప దాటిన గొంతు

2011 డిసెంబరు మొదట్లో షికాగో దక్షిణ భాగంలో పదహారేళ్ల కుర్రాణ్ణి పోలీసులు పట్టుకున్నారు. తమకే తుపాకీ గురిపెట్టాడన్నది వాళ్ల అభియోగం. మైనరు కాబట్టి కోర్టు అతణ్ణి అమ్మమ్మ ఇంట్లో గృహనిర్బంధంలో ఉంచింది. గడప దాటడానికి వీల్లేదు. అలా ఇంట్లో కూర్చున్న కొద్ది నెలల్లోనే అమెరికాలో పెద్ద పెద్ద రికార్డు కంపెనీలు అతని చిరునామా కోసం వెతుకులాట మొదలుపెట్టాయి.

ఆ కుర్రాడి పేరు కీత్ కొజార్ట్. లోకానికి చీఫ్ కీఫ్. 2012 జనవరిలో ఒక వీడియో ఇంటర్నెట్లో ఊరూరా తిరిగింది. కీఫ్‌ను కస్టడీ నుంచి వదిలేశారని విని ఓ చిన్నపిల్లాడు పూనకం వచ్చినట్టు ఎగురుతూ కేకలు పెడుతుంటాడు. చూసినవాళ్లు నవ్వుకున్నారు, ఈ కీఫ్ ఎవరని ఒకరినొకరు అడిగారు. దేశానికి తెలియని ఆ సంగతి షికాగో దక్షిణ భాగంలోని బడిపిల్లలకు అప్పటికే తెలుసు. వాళ్ల ఫోన్లలో అతని పాటలే ఉన్నాయి.

మన తెలుగువాళ్లకు షికాగో అనగానే 1893, వివేకానందుడు గుర్తొస్తారు. ఈ కుర్రాళ్ల వీధుల కథా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఆ ఏడాది అక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శనకు తెల్లటి భవనాల వల్ల ‘వైట్ సిటీ’ అన్న ముద్దుపేరు వచ్చింది. అదే పేరుతో 1905లో అరవై మూడో వీధి దగ్గర ఓ వినోద పార్కు వెలిసింది. పేరు పెట్టినవారి ఉద్దేశం ఏదైనా, అక్కడి స్కేటింగ్ రింకులోకి నల్లవారిని రానివ్వలేదు. దానిమీద 1940లలో నిరసనలు జరిగాయి. పార్కు పోయాక, 1950–55 మధ్య అదే నేలమీద పార్క్‌వే గార్డెన్స్ అనే అపార్టుమెంట్ల సముదాయం లేచింది. నల్లజాతి కుటుంబాలు సహకార పద్ధతిలో సొంతం చేసుకున్న ఇళ్లవి. తర్వాతి కాలంలో అధ్యక్షుడి భార్య అయిన మిషెల్ ఒబామా పసిబిడ్డగా కొన్నాళ్లు పెరిగింది అక్కడే. ఆ గోడలు కట్టినప్పుడు వాటి వెనుక పెద్ద ఆశే ఉంది.

కీఫ్ నాటికి ఆ ఆశ చాలావరకు కరిగిపోయింది. ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయాయి. నగరం ప్రభుత్వ గృహాల భారీ టవర్లను ఒక్కొక్కటిగా కూల్చేసింది. రాబర్ట్ టేలర్ హోమ్స్‌లో చివరి టవరు 2007లో నేలకూలింది. వేల కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని కొత్త వీధులకు చేరాయి. పాత గ్యాంగుల పెద్దలు జైళ్లలో ఉన్నారు, వాళ్ల మాట వినేవాడు లేడు. బ్లాక్ డిసైపుల్స్, గ్యాంగ్‌స్టర్ డిసైపుల్స్ అనే పాత పేర్లు మిగిలాయి గానీ, లోపల ప్రతి వీధీ ఒక ముఠా అయింది. ప్రతి ముఠాకూ ఒక చచ్చిపోయిన స్నేహితుడి పేరు. 2011 ఆగస్టులో ఓడీ పెర్రీ అనే ఇరవై ఏళ్ల యువకుడు హతమయ్యాక పార్క్‌వే గార్డెన్స్ ‘ఓ బ్లాక్’ అయింది.

కీఫ్ పేరు వెనుకా ఒక చావు ఉంది. 1995 ఆగస్టు 15న అతడు పుట్టినప్పుడు తల్లికి ఇంకా పదిహేనేళ్లే. అప్పటికే చనిపోయిన మేనమామ పేరు బిడ్డకు పెట్టారు. పెంచింది అమ్మమ్మ. ఐదేళ్ల వయసులో తల్లి కరావోకే మెషీనులో ఖాళీ క్యాసెట్లు పెట్టి మాటలు రికార్డు చేసుకునేవాడట. పదిహేనేళ్లకు డయెట్ హైస్కూల్లో చదువు మానేశాడు. ఆ బడి ఎవరి పేరు మీద ఉందో చూడండి. కెప్టెన్ వాల్టర్ డయెట్ ఒక సంగీతం మాస్టారు. అదే దక్షిణ భాగంలో డ్యూసేబుల్ హైస్కూల్లో నాట్ కింగ్ కోల్‌కూ, డైనా వాషింగ్టన్‌కూ పాఠం చెప్పినవాడు. అలాంటి మనిషి పేరున్న బడిలోంచి సంగీతమే లోకంగా ఉన్న పిల్లవాడు బయటికి నడిచాడు. 2012లో ఆ బడినే మూసేయాలని నగర విద్యామండలి తీర్మానించింది.

ఆ పిల్లలు కట్టిన పాటకు డ్రిల్ అని పేరు. ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. కంప్యూటరు, మైకు, యూట్యూబులో పెట్టడానికి ఓ కెమెరా ఉన్న స్నేహితుడు చాలు. అప్పటికి పద్దెనిమిదేళ్ల యంగ్ చాప్ వరసలు కట్టేవాడు. అడుగున గుండెను కుదిపే బేసు, పైన గంటల మోత, మధ్యలో దడదడలాడే డ్రమ్ములు. వాటిమీద కీఫ్ గొంతు. దానిలో కోపం కూడా పెద్దగా వినిపించదు, అదే భయపెట్టేది. చిన్న చిన్న ముక్కలు, ఒకే మాట మళ్లీ మళ్లీ, ఎదుటివాడు విన్నాడా లేదా అన్న పట్టింపు లేని నింపాది. పాత తరం ర్యాపర్లు వీధి కథ చెప్పి చివర్లో ఒక్క కన్నీటిబొట్టయినా రాల్చేవారు. కీఫ్ రాల్చలేదు. అతనికి కవిత్వం లేదన్నారు విమర్శకులు. నాకైతే ఆ పొడితనమే అతని కవిత్వం అనిపిస్తుంది. పదహారేళ్లకే అంతమందిని పూడ్చిపెట్టి వచ్చిన పిల్లవాడి గొంతులో ఇంకేం తడి ఉంటుంది?

‘ఐ డోంట్ లైక్’ వీడియో 2012 మార్చిలో వచ్చింది. డీగెయిన్జ్ అనే స్థానిక కుర్రాడు తీశాడు. చొక్కాలు లేని కుర్రాళ్లు ఒక ఇంట్లో గుంపుగా ఎగురుతుంటారు. అంతే, కథ లేదు, సెట్టింగు లేదు. అదే నగరానికి చెందిన పేరున్న ర్యాపర్ కాన్యే వెస్ట్ మే నెలకల్లా ఆ పాటను తన మనుషులతో తిరగరాసి విడుదల చేశాడు. ఇక కంపెనీలు ఎగబడ్డాయి. ఇంటర్‌స్కోప్ గెలిచింది. మూడు ఆల్బములకు కలిపి ఒప్పందం విలువ 60 లక్షల డాలర్ల దాకా వెళ్లొచ్చని తర్వాత కోర్టు కాగితాల ద్వారా బయటపడింది. ఆ కాగితాల్లో ఒక షరతు కూడా ఉంది. మొదటి ఆల్బం 2013 డిసెంబరు లోపు రెండున్నర లక్షల కాపీలు అమ్ముడుపోకపోతే కంపెనీ చేతులు దులుపుకోవచ్చు. కుర్రాడి వయసు పదహారు. కంపెనీ కొన్నది అతని పాటనొక్కదాన్నే కాదు, ఆ పాట చుట్టూ ఉన్న ప్రమాదాన్ని కూడా. సరుకులో ప్రమాదమే అసలు గిరాకీ అని వాళ్లకు తెలుసు. ఆ ప్రమాదం నిజమైతే బయటపడటానికి తలుపు ఒకటి ముందే పెట్టుకున్నారు.

ఆ వేసవిలోనే పిచ్‌ఫోర్క్ అనే సంగీత పత్రిక ఇంటర్వ్యూ కోసం కీఫ్‌ను న్యూయార్కులో తుపాకులు కాల్చే రేంజికి తీసుకెళ్లింది. తుపాకీ కేసులో ప్రొబేషన్ మీద ఉన్న మైనరు చేతికి తుపాకీ ఇచ్చి కెమెరా తిప్పారు. ఏ సంపాదకుడికీ అది తప్పుగా తోచలేదంటే, ఆ పిల్లవాణ్ణి వాళ్లు పిల్లవాడిగా చూడనే లేదు.

సెప్టెంబరు వచ్చింది. లిల్ జోజో అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు, అసలు పేరు జోసెఫ్ కోల్‌మన్, కీఫ్ వాళ్లకు పడని ముఠా వాడు. కీఫ్ బృందాన్ని తిడుతూ పాట కట్టాడు. వాళ్ల వీధుల్లోకే వెళ్లి మాటలు విసురుతూ వీడియో పెట్టాడు, తాను ఎక్కడున్నాడో ట్విట్టర్లో చెప్పాడు. 2012 సెప్టెంబరు 4న, సైకిల్ మీద వెళ్తుండగా కాల్చి చంపారు. ఆ చావును వెక్కిరిస్తూ కీఫ్ ట్విట్టర్ ఖాతాలో మాటలు వెలువడ్డాయి. ఖాతాను ఎవరో హ్యాక్ చేశారని కీఫ్ అన్నాడు. ఆ హత్యలో అతని మీద ఏ అభియోగమూ లేదు. కానీ జనం మనసులో ఆ రోజు నుంచి కీఫ్ పేరు ఒక శవం పక్కన నిలబడిపోయింది. జోజో సంగతి ఎవరూ రాసుకోరు. అతని వృత్తి జీవితం అంతా కలిపి ఒకటిరెండు వేసవులు. తిట్టుపాట హిట్టయితే చాలు, కంపెనీలు వెతుక్కుంటూ వస్తాయని ఆ ఏడాది షికాగోలో నమ్మని కుర్రాడు లేడు. నమ్మకానికి రుజువు కళ్లముందే ఉంది, పేరు కీఫ్.

‘ఫైనల్లీ రిచ్’ ఆల్బం డిసెంబరు 18న వచ్చింది. మొదటి వారం సుమారు 50 వేల కాపీలు, బిల్‌బోర్డులో 29వ స్థానం. ఇప్పుడు వింటే ఆ దశాబ్దపు ర్యాప్ చాలావరకు దీన్నుంచే మొలకెత్తిందనిపిస్తుంది. అప్పట్లో లెక్కలు రాసేవాళ్లకు మాత్రం అది తక్కువ అమ్మకం. ఆల్బం వచ్చి నెల తిరగకముందే, 2013 జనవరిలో, ఆ తుపాకీ రేంజి వీడియో ప్రొబేషన్ ఉల్లంఘనకు సాక్ష్యమై కీఫ్‌ను రెండు నెలలు బాలనేరస్తుల నిర్బంధానికి పంపింది. తుపాకీ అందించిన పత్రిక క్షమాపణ ప్రకటించి ముందుకు సాగిపోయింది.

ఆపైన పతనం చప్పుడు లేకుండా జరిగింది. కోర్టు వాయిదాలు, దగ్గుమందు మత్తు, ఆలస్యమైన ప్రదర్శనలు, గజిబిజి మిక్స్‌టేపులు. 2014 అక్టోబరులో ఇంటర్‌స్కోప్ అతణ్ణి వదిలేసింది. అప్పటికి పందొమ్మిదేళ్లు. అదే ఏడాది ఏప్రిల్లో అతని బంధువు, తోటి ర్యాపర్ బిగ్ గ్లో షికాగోలో తుపాకీ గుండ్లకు బలయ్యాడు. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో ఎల్.ఏ. కపోన్ అనే పదిహేడేళ్ల డ్రిల్ గాయకుడు స్టూడియో నుంచి బయటికి వస్తూ చనిపోయాడు. కీఫ్ కాలిఫోర్నియాకు మకాం మార్చాడు. ఊళ్లో అతని కోసం వారంట్లు ఎదురుచూస్తుండేవి.

2015 జులై 11న కీఫ్ బృందంలోని కాపో అనే ర్యాపర్‌ను షికాగోలో కాల్చి చంపారు. పారిపోతున్న హంతకుల కారు దారిలో పిల్లల బండిలో ఉన్న ఏడాది పసివాణ్ణి గుద్దేసింది. ఆ బిడ్డా పోయాడు. కీఫ్ ఆ కుటుంబాల కోసం ఉచిత కచేరీ ఇస్తానన్నాడు. రాలేడు కాబట్టి కాలిఫోర్నియాలో పాడుతుంటే షికాగో వేదిక మీద అతని వెలుగు బొమ్మ కనిపించే ఏర్పాటు. హోలోగ్రామ్. మేయర్ రామ్ ఇమాన్యుయెల్ కార్యాలయం ఒప్పుకోలేదు. ఇతను ఆదర్శం కాదు, ఈ కచేరీ వల్ల శాంతిభద్రతలకు ముప్పు అంది. వేదిక వెనక్కి తగ్గింది. చివరికి జులై 25 రాత్రి, రాష్ట్రం సరిహద్దు దాటి ఇండియానాలోని హామండ్ పట్టణంలో, ఓ సంగీతోత్సవం చివర్లో ఆ బొమ్మ వెలిగింది. హింస ఆపండన్న నాలుగు మాటలు, ఒక పాట. పోలీసులు వచ్చి ఆపేశారు.

తుపాకీ పాటకు లక్షలు పోసినప్పుడు ఏ ఆఫీసుకూ ఆదర్శాలు గుర్తుకు రాలేదు. హింస వద్దని చెప్పబోతే, మనిషి కాకపోయినా సరే, మనిషి నీడను కూడా వేదిక ఎక్కనివ్వలేదు. అయినా మేయరుది పూర్తిగా వట్టి భయం అనలేను. కచేరీ దగ్గర గొడవ జరిగి ఉంటే నిందించే మొదటి వేళ్లు మేయరు వైపే లేచేవి. కానీ అంతకు రెండేళ్ల ముందు అదే నగరం సుమారు యాభై బడులు ఒక్కసారిగా మూసేసింది, ఎక్కువభాగం నల్లవారి పేటల్లోనే. ఆదర్శం గురించి మాట్లాడటానికి ఆ కార్యాలయానికి అంత అధికారం ఎక్కడిది?

మరో మూడు వారాల్లో కీఫ్‌కు ఇరవై నిండాయి. ఇంటికి రాలేని ఆ ఏళ్లలో అతని పాట పద్ధతి సముద్రాలు దాటింది. లండన్ బ్రిక్స్‌టన్ కుర్రాళ్లు దాన్ని అందుకుని తమ వరసలు కలిపారు. ఆ లండన్ వరసలు మళ్లీ బ్రూక్లిన్ చేరి పాప్ స్మోక్ అనే యువకుణ్ణి పైకెత్తాయి. 2020 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో అద్దె ఇంట్లో చొరబడినవాళ్లు అతణ్ణి కాల్చేశారు. ఇరవై ఏళ్లు. అదే ఏడాది సామాజిక శాస్త్రవేత్త ఫారెస్ట్ స్టువర్ట్ షికాగో డ్రిల్ కుర్రాళ్లతో కలిసి తిరిగి రాసిన పుస్తకం వచ్చింది. పేరు వచ్చినవాళ్లలో కూడా చాలామందికి డబ్బు రాలేదని, వచ్చిందల్లా గుర్తుపట్టే శత్రువులేనని అందులో చదువుతాం. నవంబరులో ఓ బ్లాక్ నుంచే వచ్చిన కింగ్ వాన్ అట్లాంటాలో హతమయ్యాడు. అంతకు రెండేళ్ల ముందే కీఫ్ బంధువు ఫ్రెడో సంటానా అనారోగ్యంతో పోయాడు. ఇరవై ఏడేళ్లవాడు, దగ్గుమందు మత్తు అతని ఒంటిని ముందే గుల్ల చేసింది.

కీఫ్ బతికాడు. తనే వరసలు కట్టుకోవడం నేర్చుకున్నాడు. 2024 మేలో కొత్త ఆల్బం తెచ్చాడు. జూన్‌లో, పదేళ్లకు పైగా గడిచాక, షికాగో శివారు బ్రిడ్జ్‌వ్యూలో వేదిక ఎక్కాడు. నగరం హద్దు లోపల కాదు, పక్కన. ఈసారి బొమ్మ కాదు, మనిషే వచ్చాడు. 2012 నాటి పాటలు పాడాడు.